పాలమూరులో ఒక కుర్చీ కిరాయికి: కో-వర్కింగ్‌లో నా ఎనిమిది నెలలు

"కుర్చీకి నెలకు మూడున్నర వేలా? ఇంకో ఐదొందలు ఏస్తే మన గల్లీల రెండు రూములు కిరాయికొస్తయ్ గదా బిడ్డా" అంది అమ్మ. కో-వర్కింగ్ అంటే, ఎవరి పని వాళ్లు చేసుకునే పెద్ద హాల్లో మనకో సీటు కిరాయికి తీసుకోవడం. అమ్మ అన్నది నిజమే. ఏనుగొండలో మా పక్కింటి పైపోర్షన్ అప్పుడు నాలుగు వేలకే ఖాళీగా ఉంది. అందుకే మొదటి నెలంతా ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా 'ఆదివారాలు తీసేస్తే రోజుకు 135 రూపాయలు' అన్న లెక్క తలలో తిరుగుతూనే ఉండేది. ఒక రోజు జ్వరమొచ్చి పోకపోతే జ్వరం కంటే ఆ 135 ఎక్కువ బాధపెట్టింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. కంపెనీ హైదరాబాద్‌ది, క్లయింట్ లండన్‌లో ఒక బట్టల షాపు. 2025 జనవరిలో మా టీమ్‌కు నెలకు రెండు రోజులు ఆఫీసుకొస్తే చాలన్నారు. నాయిన పోయి అప్పటికి ఏడాదిన్నర, ఇంట్లో అమ్మ ఒక్కతే. అమీర్‌పేటలో హాస్టల్‌కు నెలకు 9,500 కడుతూ ఆదివారం ఆదివారం ఇక్కడికి పరిగెత్తుకొస్తున్నా. సంక్రాంతి అయ్యాక జనవరి 19, ఆదివారం, రెండు బ్యాగులూ ఒక మానిటరూ పట్టుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కాను. మానిటర్‌కు కూడా టికెట్ తీసుకోమంటాడేమోనని కండక్టర్ వైపు చూడకుండా కూర్చున్నాను. ఏమీ అనలేదు.

ఇంట్లో మూడు వారాలు పని చేశాను. మన దగ్గర ఇంట్లో ఉన్న మనిషంటే ఖాళీగా ఉన్న మనిషే. గ్యాస్ బండ వస్తే నేనే, చిట్టీ పైసలకొస్తే నేనే, పక్కింటి పిల్లోడి సైన్స్ ప్రాజెక్టుకు చార్టు రాయాలన్నా నేనే. ఒకసారి కుక్కర్ విజిల్ వేస్తే అవతల మేనేజర్, మీ బిల్డింగ్‌లో ఫైర్ అలారం మోగుతోందా అని అడిగాడు. నవ్వొచ్చింది గానీ అసలు బాధ వేరే. నా కాల్స్‌కు అడ్డమని అమ్మ పొద్దున ఐదింటికే లేచి మిక్సీ పట్టేసుకునేది, టీవీలో సౌండ్ తీసేసి సీరియల్ బొమ్మలు చూసేది. తన ఇంట్లో తనే దొంగలా తిరుగుతుంటే చూడలేకపోయాను.

ఫిబ్రవరి 10న రీడింగ్ హాల్‌లో చేరాను. మన ఊళ్లో వాటికి కొదవ లేదు కదా. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ, ఏ పరీక్షకైనా ప్లైవుడ్ అరలు కట్టిన హాళ్లు వీధికొకటి. నెలకు 800, తాగే నీళ్లు ఉచితం. కాల్ వచ్చినప్పుడల్లా మెట్ల మీదికి పరుగెత్తేదాన్ని. ఐదో రోజు హెడ్‌ఫోన్ పిన్ సరిగా పెట్టుకోలేదు. మేనేజర్ గొంతు హాలంతా మోగింది. నలభై తలలు ఒకేసారి లేచాయి. పక్క అరలో చదువుకుంటున్న తమ్ముడు మెల్లగా, "అక్కా, మీకు జాబ్ ఉంది గదా, మరి ఈడెందుకు కూసున్నరు?" అన్నాడు. వాడు కోపంగా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ సాయంత్రమే ఓనర్ 600 తిరిగిచ్చి దండం పెట్టాడు.

దివిటిపల్లిలో ఐటీ టవర్ ఉంది కదా, అక్కడ అడగొచ్చు కదా అని అందరూ అన్నారు. 2023 మేలో దాన్ని ప్రారంభించినప్పుడు నేనూ గొప్పగా స్టేటస్ పెట్టుకున్నదాన్నే. కానీ అది కంపెనీల కోసం కట్టింది. ఒక్క మనిషి ఒక్క కుర్చీ కోసం పోయి అడగడానికి మనసొప్పలేదు. పైగా అది ఊరి బయట, రాత్రి తొమ్మిది దాటాక స్కూటీ మీద ఒక్కదాన్నే రావాలి. అమ్మ ముందు ఆ మాట ఎత్తను కూడా లేదు.

తర్వాతి వారం మూడు చోట్లు చూశాను. ఒకటి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెనక గది, సాయంత్రం ఐదయితే టైపింగ్ బ్యాచ్ దిగుతుంది. రెండోది ఫంక్షన్ హాల్ పైన. మాఘమాసం, ముహూర్తాల కాలం. నేను చూడ్డానికి పోయినప్పుడే కింద బ్యాండు మోగుతోంది. చూపించే అబ్బాయి కూడా అరుస్తూనే మాట్లాడాడు. మూడోది న్యూటౌన్ వైపు, రెండో అంతస్తు, 22 సీట్లు. పై అంతస్తులో అదే ఓనర్ రీడింగ్ హాల్ నడుపుతాడు. కింద ఆటో అన్నలు దాన్ని 'లాప్‌టాప్ హాస్టల్' అంటారు. ఇప్పటికీ అక్కడికి ఆటో మాట్లాడాలంటే ఆ పేరు చెబితేనే తెలుస్తుంది.

ఫిబ్రవరి 20, గురువారం, 250 ఇచ్చి ఒక రోజు ట్రయల్ కూర్చున్నాను. ఇక్కడే తప్పు చేశాను. నా పని మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రాత్రి దాకా. నేనేమో సెలవు పెట్టి మరీ పొద్దున పదింటికి పోయి, ఒంటిగంటకు బాగుందని చెప్పి వచ్చేశాను. ఆ టైమ్‌లో హాల్లో ఆరుగురే ఉన్నారు. ఏసీ చల్లగా ఉంది, నెట్ స్పీడ్ చూస్తే 140 వచ్చింది, కుర్చీ మెత్తగా ఉంది. సాయంత్రం నాలుగింటికి నెట్ ఎట్లుంటుందో, కాల్ రూమ్ తలుపు మూసుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటే ఏమవుతుందో, కరెంటు పోతే ఏ ప్లగ్గు బతికుంటుందో, బాత్రూమ్ గడియ పడుతుందో లేదో ఇవేవీ చూడలేదు. చేరాక ఒక్కొక్కటీ తెలిసింది. మీరు ట్రయల్‌కు పోతే మీ పనివేళలోనే పోండి, మూసేదాకా ఉండండి. 250 పెట్టాం కదా, పూర్తిగా వాడుకోవాలి.

24న చేరాను. నెలకు 3,500, అంతే అడ్వాన్స్. సీటు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. నేను పన్నెండున్నరకు చేరేసరికి మిగిలేది ఎప్పుడూ ఏసీ కింద సీటే. వారం రోజుల్లో మెడ పట్టేసింది. ఇంటి నుంచి శాలువా తీసుకుపోవడం మొదలుపెట్టాను. బయట ఎండాకాలం మొదలవుతుంటే లోపల శాలువా కప్పుకుని కూర్చున్న నన్ను చూసి హాల్లోనే కూర్చునే జీఎస్టీ కన్సల్టెంట్ సార్, "ఏం మేడమ్, ఊటీ పోయొచ్చినట్లున్నరు" అనేవారు.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చాలామందికి పనికొస్తుంది. మా కంపెనీ ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు నెలకు 3,000 దాకా ఖర్చు తిరిగి ఇస్తుంది, కానీ జీఎస్టీ బిల్లు కావాలంటుంది. ఓనర్ దగ్గర జీఎస్టీ నంబరే లేదు. "మనది ఏడాదికి ఇరవై లక్షలు దాటది మేడమ్" అన్నాడు. సర్వీసులకు ఇరవై లక్షల లోపు టర్నోవర్ ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి తప్పు అతనిది కాదు. ఫైనాన్స్ వాళ్లు మాత్రం నా బిల్లును రెండుసార్లు వెనక్కి పంపారు. మొత్తం 23 రోజులు ఈ మెయిళ్లే. చివరికి జీఎస్టీ సార్ ఒక మామూలు బిల్లు నమూనా రాసిచ్చారు. ఓనర్ పేరు, చిరునామా, పాన్ నంబరు, బిల్లు నంబరు, ఏ నెలకు ఎంత, రిజిస్ట్రేషన్ అవసరం లేదన్న ఒక లైను, సంతకం, స్టాంపు. దానికి యూపీఐ చెల్లింపు రసీదు జతచేసి పంపితే ఒప్పుకున్నారు. లాభమేమిటంటే జీఎస్టీ నంబరు ఉన్న చోటైతే ఇదే 3,500 మీద 18 శాతం, అంటే ఇంకో 630 పడేది.

కాల్ రూమ్ అన్నది ప్లైవుడ్ పెట్టె. పాత ఎస్టీడీ బూత్ గుర్తున్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. శబ్దం బయటికి పోకుండా లోపల గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటించి రంగేశారు. ఫ్యాన్ లేదు. పది నిమిషాలు దాటితే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్లే. మార్చి మొదటి వారంలో ముప్పై ఐదు నిమిషాల కాల్ ఒకటి అందులో చేసి, బయటికొచ్చేసరికి నా ముఖం చూసి టీ తెచ్చే అబ్బాయి నీళ్ల సీసా ఇచ్చాడు. తర్వాత తెలుసుకున్న ఉపాయం ఏమిటంటే, నేను మాట్లాడాల్సిన కాల్ మాత్రమే అందులో, వినాల్సిన కాల్స్ అన్నీ సీటులోనే. మొదట్లో అన్నీ ముఖ్యమే అనిపించేవి. లెక్కపెట్టి చూస్తే రోజుకు నేను నోరు తెరిచేది పావుగంట కూడా లేదు.

రాత్రి సమస్య వేరు. హాల్ తొమ్మిదింటికి మూస్తారు. చలికాలంలో లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనక, ఆ రోజు పని అప్పజెప్పే హ్యాండోవర్ కాల్ అక్కడ సాయంత్రం నాలుగింటికి, అంటే మనకు రాత్రి తొమ్మిదిన్నరకు. దాంతో ఎనిమిది నలభైకే అన్నీ సర్దుకుని, ఇంటికి పోయి, చెప్పులు విప్పీ విప్పకముందే లాప్‌టాప్ తెరవాలి. మార్చి 12న స్కూటీ పంక్చర్. మినీ ట్యాంక్‌బండ్ దగ్గర వీధి దీపం కింద నిలబడి, ఫోన్ హాట్‌స్పాట్‌తో కాల్ చేశాను. అటు పెద్దచెరువు మీది గాలి, ఇటు మిర్చి బజ్జీల బండి మీద నూనె చిటపటలు. మేనేజర్ ఈసారి అలారం గురించి అడగలేదు, వర్షం పడుతోందా అన్నాడు.

అదే నెలలో రంజాన్. హాల్లో ఆల్బమ్ డిజైనింగ్ చేసే తమ్ముడొకడు ఉంటాడు, పెళ్లి ఫోటోలను రోజుకు వందల కొద్దీ సర్దుతాడు. ఆ నెలంతా ఉపవాసంతోనే పనిచేశాడు. సాయంత్రం ఆరుంపావు దాటాక వంటగది బల్ల మీద ఖర్జూరాలు, పండ్ల ముక్కలు పరిచేవాడు. మొదటి రెండు రోజులు నేను సీటులోంచి కదల్లేదు, పిలవకుండా ఎట్లా పోవాలని. మూడో రోజు తనే ప్లేటు పట్టుకుని వచ్చాడు. అప్పటిదాకా, దాదాపు పది రోజులు, నేను ఆ హాల్లో ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. నా 135 రూపాయలకు పని తప్ప వేరే ఏదీ జరగకూడదన్నట్లు కూర్చున్నాను. ఆ బల్ల దగ్గరే జీఎస్టీ సార్‌తో, భూముల సర్వేకు డ్రోన్ ఎగరేసే అన్నతో, ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ నడిపే కోచింగ్ సార్‌తో పరిచయమైంది.

ఆ పరిచయంతో నాకు దక్కిన మొదటి లాభం అక్షరాలా డబ్బే. మార్చి మధ్యలో టీ తాగుతూ, హాస్టల్ ఖాళీ చేసి వచ్చానని మాటల్లో అన్నాను. సార్ వెంటనే, "మరి కంపెనీల కిరాయి ఎన్ని నెలలకు చూపించినవమ్మా?" అన్నారు. నేను పాత పన్ను విధానంలో ఉన్నాను. ఏడాది మొదట్లోనే పన్నెండు నెలలకూ హాస్టల్ కిరాయి రాసిచ్చేశాను. ఫిబ్రవరి, మార్చి కిరాయి కట్టలేదు కాబట్టి ఆ రెండు నెలలకు హెచ్ఆర్ఏ, అంటే జీతంలో ఇచ్చే ఇంటి కిరాయి భత్యం మీద పన్ను మినహాయింపు రాదు. "ఇప్పుడే సరిచేయించుకో, మార్చి జీతంల కొంచెం ఎక్కువ కట్ అయితది, కానీ రేపు నోటీసు తలనొప్పి ఉండదు" అన్నారు. చేయించుకున్నాను. దానికి ఫీజు అడిగితే టీ బిల్లు కట్టమన్నారు, 20 రూపాయలు.

మార్చి 30న ఉగాది. సరిగ్గా అదే ఆదివారం లండన్‌లో గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. మర్నాడు రంజాన్ సెలవు, మంగళవారం పోయేసరికి నా తొమ్మిదిన్నర కాల్ ఎనిమిదిన్నరకు వచ్చేసింది. హాల్ మూసే లోపే పని అయిపోతుంది. హాల్ ఇంకాసేపు తెరిచి ఉంచమని ఐదు వారాలుగా నేను ఓనర్‌ను బతిమాలుతున్న పని ఇంగ్లండ్ వాళ్ల వేసవి చేసిపెట్టింది. అయితే మధ్యాహ్నం మూడింటి స్టాండప్, అంటే రోజూ టీమంతా కలిసే చిన్న కాల్, రెండుకు జరిగింది, ఆ వేళకు కాల్ రూమ్ డ్రోన్ అన్నది. రోజూ భోజనం కాగానే ఆయన రైతులకు ఫోన్లు చేసుకుంటాడు. రెండు రోజులు తలుపు బయట నిలబడ్డాను. మూడో రోజు తలుపు మీద ఒక కాగితం అంటించి గంటలు గీశాను, ఎవరికి ఎప్పుడు కావాలో పేరు రాసుకోవచ్చని. వారం పాటు దాని మీద నా పేరు ఒక్కటే ఉంది. తర్వాత నిండిపోయింది. ఇప్పుడు ఓనర్ దాన్ని ప్రతి సోమవారం జిరాక్స్ తీసి తనే అంటిస్తున్నాడు, ఐడియా తనదేనన్నట్లు.

ఇక నెట్. గోడ మీద 200 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. సాయంత్రం నాలుగైతే నాకు పద్దెనిమిది కూడా వచ్చేది కాదు. నా లాప్‌టాప్‌దే తప్పనుకుని పది రోజులు దాన్నే తిట్టాను. చూస్తే, కోచింగ్ సార్ ఆ రోజు క్లాసు వీడియోలన్నీ నాలుగింటికే అప్‌లోడ్ పెడతారు. ఆయనకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. చెబితే పాపం చాలా నొచ్చుకున్నారు. రాత్రి హాల్ మూశాక అప్‌లోడ్ అయ్యేలా పెట్టుకున్నారు. నేను కూడా 240 పెట్టి ఐదు మీటర్ల లాన్ కేబుల్ కొన్నాను. అప్పటి నుంచి వైఫై జోలికి పోలేదు. సీటు ఎంచుకునేటప్పుడు గోడలో లాన్ పాయింట్ ఉందా అని చూడటం ఇప్పుడు అలవాటైపోయింది. ఏసీ, కిటికీ అన్నీ దాని తర్వాతే.

ఏప్రిల్ చివర గాలిదుమారాలు మొదలయ్యాయి. 24న సాయంత్రం ఐదుకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, రౌటర్ నడుస్తోంది. నా మానిటర్ మాత్రం నల్లబడింది. తేలిందేమిటంటే ఇన్వర్టర్ లైను హాల్లో సగం ప్లగ్గులకే ఉంది, నా సీటు ప్లగ్గు మిగతా సగంలోది. లాప్‌టాప్ బ్యాటరీ గంట పదిహేను నిమిషాలు వచ్చింది. మూడు గంటలుగా నడుస్తున్న టెస్ట్ రన్ మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి చేయాల్సొచ్చింది. ఆ రాత్రి ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు టేబుల్ ల్యాంపు ఒకటి పట్టుకుపోయి, ఓనర్‌తో మెయిన్ ఆపించి, ఒక్కో ప్లగ్గులో పెట్టి చూశాను. బతికున్న పదకొండింటికి ఎర్ర బిందీలు అంటించాను. స్టిక్కర్లు లేవు, హ్యాండ్‌బ్యాగులో బిందీల అట్ట ఉంది. ఇప్పటికీ అవే ఉన్నాయి, కొత్తగా వచ్చినవాళ్లు దిష్టి బొట్లేమో అనుకుంటారు.

మే నెలలో ఇంకో తమాషా. రెండు వేరు వేరు కంపెనీల ఫైబర్ ఉంది, ఒకటి పోతే ఇంకొకటి అని ఓనర్ చేరేటప్పుడే చెప్పాడు. ఒక రోజు గడ్డి లోడు లారీ ఒకటి కింద సందులోంచి పోతూ స్తంభం మీది తీగల్ని లాగేసింది. రెండు కంపెనీల తీగలూ అదే స్తంభం మీదుగా వస్తాయి. రెండూ ఒకేసారి పోయాయి. బాగయ్యేసరికి ఇరవై ఆరు గంటలు పట్టింది. పైన మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో ఫోన్ సిగ్నల్ బాగా వస్తుందని ఆ రోజే కనిపెట్టాం. నలుగురం చాప వేసుకుని కూర్చున్నాం. ఆ నెల 16న మిస్ వరల్డ్ పోటీ అమ్మాయిలు పిల్లలమర్రి చూడటానికి వచ్చిన రోజు కూడా హాల్లో సగం మంది మిద్దె మీదే ఉన్నారనుకోండి, కాన్వాయ్ కనిపిస్తుందేమోనని. ఏమీ కనిపించలేదు.

బాత్రూమ్ గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి. హాల్లో మేం ముగ్గురం ఆడవాళ్లం, అందరికీ కలిపి ఒకటే బాత్రూమ్, మెట్ల మలుపులో, గడియ సరిగా పడదు. మొదటి వారం నీళ్లు తాగడం తగ్గించేశాను. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. తర్వాత ఒకసారి మాటల్లో తెలిసింది, మిగతా ఇద్దరూ అదే చేస్తున్నారు. ముగ్గురం కలిసి ఓనర్‌కు చెప్పాం. "రేపే చేయిస్త మేడమ్" అన్నాడు. ఆ రేపు పందొమ్మిది రోజులకు వచ్చింది. చివరికి నేనే వడ్రంగిని పిలిపించి, 180 కట్టి, ఆ నెల కిరాయిలో తగ్గించుకున్నాను. అడిగి విసిగిపోయే కంటే ముందే ఆ పని చేయాల్సింది. నోటితో అడిగితే అతనికి ఫిర్యాదులా వినిపించింది, ముగ్గురం బిల్లు చూపిస్తే మాత్రం మాట్లాడలేదు.

ఈ ఎనిమిది నెలల్లో నాకు బాగా కలిసొచ్చింది మాత్రం సీటు పంచుకోవడం. ఏప్రిల్లో ఫిక్స్‌డ్ సీటు అడిగాను, లాకర్‌తో 4,800 అన్నాడు. నాకు పొద్దున పన్నెండు దాకా ఆ సీటు అక్కర్లేదు. పైనున్న రీడింగ్ హాల్ కోసం బిల్డింగ్ పొద్దున ఐదింటికే తెరుస్తారు. అప్పటికే ఒక మేడమ్ పొద్దున ఆరున్నరకు వచ్చి ఆన్‌లైన్ క్లాసులు చెబుతున్నారని తెలుసు, డల్లాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలకు తెలుగు నేర్పిస్తారు. మనకు ఆరున్నర అంటే వాళ్లకు రాత్రి ఎనిమిది. ఆమె పదకొండుకల్లా ఇంటికి పోతారు. ఒక సీటు ఇద్దరం తీసుకుంటాం, చెరి సగం ఇస్తాం అన్నాం. "రూల్స్‌ల లేదు" అన్నాడు ఓనర్. రూల్స్ ఎక్కడున్నాయో చూపించమంటే నవ్వాడు. మే 5 నుంచి ఇద్దరికీ చెరి 2,400. ఫిక్స్‌డ్ సీటు, లాన్ పాయింటు, ఎర్ర బిందీ ప్లగ్గు, లాకర్‌లో చెరొక అర. ముందు కట్టినదానికంటే 1,100 తక్కువ.

ఇది చదివి చాలా సుఖంగా ఉందనుకోకండి. మేడమ్ పొద్దున చపాతీ తెచ్చుకుంటారు, నేను వచ్చేసరికి కీబోర్డు కింద చీమలు. నేను రాత్రి మానిటర్ కేబుళ్లు సర్దకుండా పోతే ఆమె క్లాసు ఐదు నిమిషాలు ఆలస్యం. ఇద్దరం ఒకరికొకరు కనిపించం, చీటీల మీదే మాటలు. మొదట మర్యాదగా, తర్వాత కొంచెం ఘాటుగా. ఒకసారి ఆమె 'కుర్చీ ఎత్తు మార్చకండి' అని రాశారు, మార్చకపోతే నా కాళ్లు నేలకు ఆనవు. ఒక రోజు పదకొండుకే పోయి ఆమెను కలిశాను. ఇద్దరం నవ్వుకుని కుర్చీ గొట్టం మీద మార్కర్‌తో రెండు గీతలు గీసుకున్నాం. మొదటి గీత ఆమెది, రెండోది నాది. ఆ రోజు నుంచి చీటీల్లో డల్లాస్ పిల్లల తప్పులు వచ్చేవి. ఒక పిల్లాడు 'మా అమ్మమ్మ నన్ను వండింది' అని రాశాడట, 'నాకు' అనబోయి.

కోచింగ్ సార్ యాప్‌ను జూన్‌లో రెండు ఆదివారాలు కూర్చుని టెస్ట్ చేసిపెట్టాను. 41 తప్పులు తేలాయి. ఒకచోట టైమ్ అయిపోయాక కూడా జవాబులు మార్చుకోవచ్చు, పిల్లలు అప్పటికే కనిపెట్టేసి ఉంటారు. సార్ 6,000 ఇచ్చారు, నేను అడగలేదు. కంపెనీ బయట చేసిన పనికి వచ్చిన మొదటి డబ్బు అది, కాబట్టి ముందు మా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అనుమతి తీసుకున్నాను, అది రావడానికి పన్నెండు రోజులు. అమ్మకు ఆ డబ్బుతో కొత్త మిక్సీ కొన్నాను. ఇప్పుడు ఎనిమిదింటికి హాయిగా పట్టుకుంటుంది.

నాయిన ఒకప్పుడు మా ఊరి నుంచి బొంబాయి పోయి పదకొండేళ్లు కట్టడం పనులు చేశాడు. ఆరు నెలలకోసారి వచ్చేవాడు. ఆయన ఉండి ఉంటే న్యూటౌన్‌లో కూర్చుని లండన్ పని చేస్తున్నానంటే ఏమనేవాడో అని ఒక్కోసారి అనిపిస్తుంది. బహుశా కుర్చీ కిరాయి ఎంతనే అడిగేవాడు, అమ్మలాగే.

సెప్టెంబర్‌లో మేడమ్ వాళ్లాయనకు గద్వాలకు బదిలీ అయింది. నెలాఖరుకు ఆమె వెళ్లిపోయారు. అక్టోబర్ నుంచి పూర్తి 4,800 నేనే కడుతున్నాను. అక్టోబర్ 26న లండన్ గడియారాలు మళ్లీ వెనక్కి వెళ్లాయి, నా కాల్ మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకు. ఈసారి ట్యాంక్‌బండ్ దగ్గర నిలబడే పని లేదు. ఫిక్స్‌డ్ సీటు ఉన్నందుకు, ఎనిమిది నెలల్లో ఒక్కసారీ కిరాయి ఆలస్యం చేయనందుకు ఓనర్ షట్టర్ తాళంచెవి ఒకటి నాకిచ్చాడు. పది గంటలదాకా జీఎస్టీ సార్ కూడా ఉంటారు, రిటర్నుల పని. ఇద్దరం కలిసి షట్టర్ దించుతాం, నేను స్కూటీ స్టార్ట్ చేసేదాకా ఆయన మెట్ల దగ్గరే నిలబడతారు. తొమ్మిది నలభై ఐదుకు అమ్మ ఫోన్ వస్తుంది. "బయలెల్లినవా?"

సీటు పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా ఖాళీగానే ఉంది. నెలకు 2,400, లాకర్‌లో కింది అర. కుర్చీకి మొదటి గీత అట్లాగే ఉంచాను.